నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది? విశాఖ ఇళ్ల నుంచి, ఆఫీసుల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చిన్న ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు, అపార్ట్‌మెంట్లకు నెట్‌వర్క్ వేసి, ఆ తర్వాత దాని బాగోగులు చూసుకునే పని మాది. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది "నెట్ స్లోగా ఉందండి" అని మొదలుపెడతారు. రోగాలు మాత్రం రకరకాలుగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగానికి పెద్ద ప్లాన్ మందు కాదు.

100 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టాను. డౌన్‌లోడ్ 12 దాటట్లేదు. ఇదేటండీ, మోసమా?

మోసమేం లేదు. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, బ్రౌజర్ చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు. డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ముక్కకూ చిరునామా చీటీలా అంటించే హెడర్లకు అందులో కొంత పోతుంది. 11, 12 మధ్య కనిపిస్తే డబ్బుకు తగ్గ సరుకు అందుతున్నట్టే. ప్రకటనలో వేగం పక్కన చిన్న అక్షరాల్లో "వరకు" అని ఉంటుంది, దాన్ని కూడా చదవండి. మన దేశంలో ఒక కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్ అనడానికి ప్రభుత్వం పెట్టిన కనీస వేగం 2013లో 512 కేబీపీఎస్. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అంతే.

స్పీడ్ టెస్ట్‌లో 150 వస్తోంది. మీటింగ్‌లో మాత్రం గొంతు తెగిపోతోంది. ఎందుకని?

స్పీడ్ టెస్ట్ పది పదిహేను సెకన్లపాటు లైన్‌ను నింపి, ఎంత డేటా పట్టిందో చెబుతుంది. మాటకు అంత డేటా అక్కర్లేదు. గొంతును డేటాగా మార్చే పద్ధతుల్లో (కోడెక్‌లలో) పాతకాలపు జీ.711తో మాట్లాడినా, హెడర్లతో కలిపి ఒక వైపుకు 90 కేబీపీఎస్ సరిపోతుంది. మాటకు కావలసినవి వేరు: ప్యాకెట్ త్వరగా చేరాలి, అన్నీ ఒకే తీరుగా చేరాలి, దారిలో పోకూడదు. చేరడానికి పట్టే ఆలస్యాన్ని మా భాషలో లేటెన్సీ, ఆ ఆలస్యం ఊగడాన్ని జిట్టర్, దారిలో పోవడాన్ని ప్యాకెట్ లాస్ అంటాం.

లేటెన్సీ ఒక వైపుకు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ సిఫార్సు. విశాఖ నుంచి దేశంలో ఎక్కడికి మాట్లాడినా ఈ హద్దు దాటే పని ఉండదు. తంటా తెచ్చేది జిట్టర్. పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూసే పరీక్ష) పెట్టినప్పుడు 20, 22, 180, 21, 240 అని ఊగుతుంటే, ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను యాప్ ఇక వాడుకోలేదు, పారేస్తుంది. మీకు వినిపించే "తెగిపోవడం" అదే. అందుకని సగటు చూసి మురిసిపోకుండా, అన్నిటికన్నా పెద్ద అంకె ఎంతో చూడండి. ఫాస్ట్ డాట్ కామ్ లాంటి చోట్ల అదనపు వివరాలు తెరిస్తే, లైన్ ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ, నిండినప్పటి లేటెన్సీ రెండూ కనిపిస్తాయి. ఆ రెంటికీ మధ్య తేడాయే నాకు ముందుగా కావలసిన సమాచారం.

మాది రుషికొండలో ఆఫీసు. అమెరికాలో ఉన్న క్లయింట్ డెస్క్‌టాప్ మీద పనిచేస్తాం. మౌస్ కదిపితే తర్వాతెప్పుడో కదులుతుంది. 500 ఎంబీపీఎస్‌కు మారితే పోతుందా?

పోదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. శూన్యంలో వెళ్లే వేగంలో ఇది మూడింట రెండు వంతులు. అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకూ వెళ్లడానికి 5, తిరిగి రావడానికి 5, మొత్తం 10 మిల్లీసెకన్లు. చెన్నై దాకా ఫైబర్ దారి 800 కిలోమీటర్లనుకుంటే పోయి రావడానికి కనీసం 8. మధ్యలో పరికరాలు కలిపి 15, 20 కనిపిస్తే సహజమే. అమెరికా పడమటి తీరానికి దాదాపు 14,000 కిలోమీటర్లు వేసుకుంటే కాంతికే 140 కావాలి. కేబుల్ తిన్నగా వెళ్లదు కాబట్టి 200 పైనే వస్తుంది. ఎంత డబ్బు పోసినా దీన్ని తగ్గించలేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నెట్‌లో డేటా పోకుండా చేరేలా చూసే టీసీపీ అనే పద్ధతిలో పంపేవాడు కొంత డేటా పంపి, అందిందన్న జవాబు కోసం ఆగుతాడు. ఆగకుండా ఎంత పంపొచ్చన్నదే విండో. పాత పద్ధతిలో విండో గరిష్ఠంగా 64 కిలోబైట్లు. పోయి రావడానికి 250 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఆ విండోతో సెకనుకు 2 మెగాబిట్ల చిల్లర మాత్రమే వెళ్తాయి, మీ ప్లాన్ 100 అయినా 1,000 అయినా సరే. విండో పెంచుకునే వీలు 1992 నుంచే ప్రమాణాల్లో ఉంది. ఇప్పటి కంప్యూటర్లన్నీ దాన్ని వాడతాయి కూడా. కానీ పాత ఫైర్‌వాల్, పాత వీపీఎన్ పెట్టె ఏదైనా మధ్యలో కూర్చుంటే ఇప్పటికీ ఈ జబ్బు కనిపిస్తుంది. పెద్ద ఫైల్ ఒక్కటే అయితే నయం. వెయ్యి చిన్న ఫైళ్లున్న ఫోల్డర్ కాపీ చేస్తే ప్రతి ఫైల్‌కూ పోయి రావడమే సరిపోతుంది. అలాంటి ఫోల్డర్‌ను జిప్ చేసి పంపండి. దీని ముందు మరే ఉపాయమూ నిలవదు.

విశాఖకు గూగుల్ డేటా సెంటర్, సముద్రపు కేబుల్ వస్తున్నాయి కదా. మన ఇంటి నెట్ వేగం పెరుగుతుందా?

గూగుల్ 2025 అక్టోబర్ 14న విశాఖలో ఏఐ హబ్ ప్రకటించింది. 2026 నుంచి 2030 దాకా ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. సముద్రపు కేబుళ్లు వచ్చి చేరే అంతర్జాతీయ గేట్‌వే ఒకటి అందులో భాగం. ఇన్నాళ్లూ మన దేశానికి వచ్చే కేబుళ్లలో ఎక్కువ ముంబైలో, చెన్నైలో ఒడ్డెక్కుతున్నాయి. ఇక్కడి నుంచి సింగపూర్ వెళ్లాలన్నా ముందు చెన్నై దాకా నేల మీద పోవాల్సిందే. ఇక్కడే కేబుల్ దిగితే ఆ చుట్టు తగ్గుతుంది. అదీ మీ ఆపరేటర్ ఆ కేబుల్‌లో సామర్థ్యం కొనుక్కుంటేనే.

నా లెక్కలో అసలు లాభం మరో దారి ఉండడం. 2008 జనవరి చివర్లో ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలో చాలామందికి నెట్ చిక్కిపోయింది. 2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర తెగినప్పుడూ ఐరోపా వైపు దారులు నెమ్మదించాయి. ఒడ్డులు ఎన్ని ఉంటే అంత మంచిది. మీ పడకగదిలో వైఫై అందకపోవడానికీ దీనికీ మాత్రం ఏ సంబంధమూ లేదు.

పగలంతా బాగుంటుంది. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా నరకం. ఆపరేటర్ "లైన్ బాగానే ఉంది" అంటున్నాడు.

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఇళ్లకు ఇచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో ఉంటుంది. ఒక పోర్ట్‌కు వచ్చే 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్‌ను స్ప్లిటర్లతో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 32 మందీ ఒకేసారి లాగితే ఒక్కొక్కరికి దక్కేది సుమారు 78 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి లాగరన్న నమ్మకం మీదే 200, 300 ప్లాన్లు అమ్ముతారు. ఇందులో తప్పు లేదు, ప్రపంచమంతా చేసేదే. ఆ నమ్మకాన్ని ఎంతదాకా సాగదీశారన్న దగ్గరే మంచి ఆపరేటర్‌కూ చెడ్డ ఆపరేటర్‌కూ తేడా. చాలాసార్లు ఇరుకు స్ప్లిటర్ దగ్గర కూడా ఉండదు. ఆపరేటర్ తన పై కంపెనీ నుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ దగ్గర ఉంటుంది.

అప్పటిదాకా బాగున్నది ఉన్నట్టుండి ఎందుకు పాడవుతుందంటే, లైన్ నిండేకొద్దీ ఆలస్యం వరసగా పెరగదు. క్యూల గణితంలో అన్నిటికన్నా సులువైన నమూనా ప్రకారం, ఖాళీ లైన్‌లో పట్టే సమయంతో పోలిస్తే సగం నిండిన లైన్‌లో రెండు రెట్లు, 80 శాతం నిండితే ఐదు రెట్లు, 90కి పది రెట్లు, 95కి ఇరవై రెట్లు పడుతుంది. 90 నుంచి 95కి వెళ్లే ఆ ఐదు శాతంలోనే ఆలస్యం రెట్టింపయింది, చూడండి. అందుకే బాగా నడిపే నెట్‌వర్క్‌లో లైన్ పూర్తిగా నిండేదాకా ఆగరు, 70 శాతం దాటగానే పెంచే ఏర్పాటు చూస్తారు.

మా అబ్బాయి ఫోన్‌లోని ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కడం మొదలైతే ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది. ఒక్క ఫోన్‌కే ఇంత బలమా?

బలం ఫోన్‌ది కాదు, రౌటర్‌లో బఫర్‌ది. ప్యాకెట్లు బయటికి వెళ్లే వంతు కోసం ఆగే చోటే బఫర్. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న లైన్‌లో రౌటర్ 1 మెగాబైట్ బఫర్ పెట్టుకుందనుకోండి. ఫొటోలు దాన్ని నింపేస్తే అది ఖాళీ కావడానికి 800 మిల్లీసెకన్లు పడుతుంది. మీ మాట తాలూకు చిన్న ప్యాకెట్ వచ్చి ఆ వరస చివర నిలబడుతుంది. పేజీ తెరవమని అడిగే చిన్న అభ్యర్థనా అంతే. చందనోత్సవం నాడు సింహాచలంలో క్యూ షెడ్లు ఎన్ని వేస్తే అంతమంది లోపల నిలబడతారు, దర్శనం మాత్రం త్వరగా కాదు. బఫర్ సంగతీ అదే. మెమరీ చవకైపోయి తయారీదారులు పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంటి లైన్‌లో ఈ జబ్బును పట్టుకుని దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ అనే పరిశోధకులు 2012లో కోడెల్ అనే పద్ధతి ప్రకటించారు. అది వరస పొడవును పట్టించుకోదు, ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువైతే కొన్నిటిని వదిలేస్తుంది.

మీరు చేయాల్సింది చిన్న పనే. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం, స్మార్ట్ క్యూ, ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ లాంటి పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆన్ చేసి, వేగాన్ని మీకు నిజంగా వచ్చేదానిలో 85, 90 శాతం దగ్గర పెట్టండి. స్పీడ్ టెస్ట్ అంకె కాస్త తగ్గుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆపరేటర్ ఉచితంగా ఇచ్చిన పెట్టెలో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. ప్లాన్ పెంచడానికి పెట్టే డబ్బు ఒకసారి మంచి రౌటర్ మీద పెట్టమని చెప్పేది ఇందుకే.

నూటికి ఒక ప్యాకెట్ పోతే ఏమవుతుంది? 99 వచ్చాయి కదా.

చాలా అవుతుంది. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని టీసీపీ అనుకుని వేగం ఒక్కసారిగా తగ్గిస్తుంది (పాత తరహాలో సగానికి), మళ్లీ మెల్లగా పెంచుతుంది. పోయి రావడానికి 50 మిల్లీసెకన్లు పట్టే దారిలో 1 శాతం నష్టముంటే, పాత తరహా టీసీపీ ఒక కనెక్షన్‌లో 3 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. నష్టం పదివేలకు ఒకటైతే 28 దాకా వెళ్తుంది. గూగుల్ 2016లో ప్రకటించిన బీబీఆర్ లాంటి కొత్త పద్ధతులు నష్టాన్ని అంతగా పట్టించుకోవు. అందుకే ఒకే లైన్‌లో యూట్యూబ్ బాగా నడిచి, ఆఫీసు సర్వర్ ఏడిపించే వింత కనిపిస్తుంది.

ఈ భయం టీసీపీకి ఊరికే రాలేదు. 1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని యూనివర్సిటీకీ మధ్య వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. లైన్ తెగలేదు. అందరూ పోయిన ప్యాకెట్లను మళ్లీ మళ్లీ పంపడంతోనే నిండిపోయింది. ఇందాకటి వాన్ జేకబ్సనే 1988లో దానికి విరుగుడు రాశాడు. ఇప్పటి ఇంటర్నెట్ ఆ పునాది మీదే నిలబడి ఉంది.

రౌటర్ హాల్లో ఉంది. వెనక పడకగదిలో వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ రాదు.

గీతలు చెప్పేది రౌటర్ గొంతు మీ ఫోన్‌కు వినిపిస్తోందని మాత్రమే. మీ ఫోన్ గొంతు రౌటర్‌కు వినిపిస్తోందా, పక్క ఫ్లాట్ల వాళ్లు ఎంత గోల చేస్తున్నారన్నది వాటిలో కనబడదు. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక అపార్ట్‌మెంట్‌లో నిలబడి స్కాన్ చేస్తే ఆ మూడింటి మీద ఇరవై, ముప్పై రౌటర్లు కనబడడం మామూలే. దానికి తోడు మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 దగ్గరే.

ఇంట్లో ఒక పాత ఫోన్ దూరంగా కూర్చుని నత్తనడకన డౌన్‌లోడ్ చేస్తుంటే, అది గాలిని పట్టి ఉంచినంతసేపూ కొత్త ల్యాప్‌టాప్ కూడా ఆగాల్సిందే. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఛానళ్లు ఎక్కువ, గోల తక్కువ. కాకపోతే గోడలు దాటడంలో అది బలహీనం. మనవి స్లాబులు, పిల్లర్లు, ఇనుప గ్రిల్స్ ఉన్న ఇళ్లు. రౌటర్‌ను టీవీ వెనకో చెప్పుల స్టాండ్ పైనో దాచకుండా ఇంటి మధ్యలో ఎత్తున పెట్టండి. రిపీటర్ అమ్మజూపితే వద్దనండి. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ విన్నదాన్ని మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సగమవుతుంది. వెనక గదికి ఒక వైర్ లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ (ఆ వైర్ నుంచి వైఫై ఇచ్చే పెట్టె) పెడితే గొడవ వదిలిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి గదికీ పైపు వేయించుకున్నవాళ్లు అదృష్టవంతులు.

పోర్టులో ఓడల రాడార్ల వల్ల మా వైఫై తెగుతోందని ఒకరు చెప్పారు. నిజమేనా?

ఓడల రాడార్లు 3, 9 గిగాహెర్ట్జ్ ప్రాంతాల్లో పనిచేస్తాయి, వైఫై 2.4లో, 5లో. ఓడల మీద నింద వేయకండి. అయితే 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్లను వేరే రకం రాడార్లతో పంచుకోవాలి. రాడార్ ఉందని అనుమానం వస్తే రౌటర్ వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేయాలన్నది నిబంధన. కొన్ని రౌటర్లు లేని రాడార్‌ను కూడా ఉందనుకుంటాయి. వైఫై మాటిమాటికీ ఒక నిమిషం మాయమై వస్తుంటే 36 నుంచి 48 వరకున్న ఛానళ్లలో ఒకటి ఎంచి చూడండి.

గిగాబిట్ స్విచ్ పెట్టాం, గిగాబిట్ ప్లాన్ తీసుకున్నాం. ఒక కంప్యూటర్‌లో కచ్చితంగా 94 దగ్గరే ఆగుతోంది.

94, 95 కనబడితే మిగతా పరీక్షలు అక్కర్లేదు, వైర్ చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఒక్క తీగ సరిగా ఆనకపోయినా రెండు వైపులా చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతాయి.

ఈ ఊళ్లో ఇది మరీ ఎక్కువ. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ, యారాడ లాంటి చోట్ల ఉప్పుగాలి ఊరుకోదు. టెర్రస్ మీద కెమెరాకు పెట్టిన ఆర్‌జే 45 కనెక్టర్ విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. క్లాంపులు తుప్పు పట్టి కేబుల్‌ను కోస్తాయి. బయట పెట్టేవాటికి నీరు చేరని పెట్టె, జెల్ ఉన్న కనెక్టర్ వాడాలి. చవగ్గా దొరికే కేబుళ్లలో కొన్ని అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినవి. బరువులోనే తేడా తెలుస్తుంది. అలాంటిది లాగి, దాని మీదే కెమెరాలకు కరెంటు కూడా పంపితే వేడెక్కడం ఖాయం. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు గాలిలో రాగి లాగడం మా దృష్టిలో నేరమే. ఒక్క పిడుగు దగ్గర్లో పడితే రెండు వైపులా స్విచ్‌ల పోర్టులు పోతాయి. అక్కడ ఫైబర్ వేయండి.

వానొచ్చినా, కరెంటు పోయినా నెట్ పోతోంది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా?

మీ ఇంట్లో ఉంది, సరే. మెట్ల కింద షాఫ్ట్‌లో ఆపరేటర్ పెట్టిన స్విచ్‌కు ఉందా? అపార్ట్‌మెంట్ దాకా ఫైబర్ తెచ్చి, అక్కడ స్విచ్ పెట్టి, ఫ్లాట్లకు రాగి కేబుల్ ఇచ్చే పద్ధతిలో ఆ స్విచ్‌కు కరెంటు పోతే అందరికీ పోతుంది. జీపాన్ స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇంటి లోపలిదాకా వచ్చేది ఫైబరేనా అని అడగండి.

ఫైబర్ మలుపు బిగుసుకున్నా, అతుకు పాడైనా వెలుతురు తగ్గుతుంది. ఆపరేటర్ పెట్టె సెట్టింగుల్లో అందుతున్న ఆప్టికల్ పవర్, అంటే వెలుతురు బలం, డీబీఎం కొలతలో కనబడుతుంది. మైనస్ 27 డీబీఎం దగ్గరికి వచ్చిందంటే అంచున ఉన్నట్టు, ఎర్రలైటు ఎప్పుడైనా వెలగొచ్చు.

తుపాన్ల మాట వేరే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు స్తంభాలు, టవర్లు కూలి ఊరంతా చీకట్లో, ఫోన్లు లేకుండా ఉండిపోయింది. ఆ తర్వాత కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను భూమిలోకి దింపారు. నెట్ ఫైబర్ మాత్రం ఇప్పటికీ చాలా వీధుల్లో స్తంభాలకే వేలాడుతోంది. ఆఫీసుకు రెండు కనెక్షన్లు తీసుకునేవాళ్లు రెండు కంపెనీలు చూసుకుంటే చాలదు. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒకే కొమ్మ విరిగిపడి రెండూ పోతాయి. దారులు వేరో కాదో వీధిలోకి వెళ్లి కళ్లతో చూడండి.

ఆఫీసులో ఉన్నట్టుండి అన్ని కంప్యూటర్లకూ నెట్‌వర్క్ చచ్చిపోయింది. స్విచ్ లైట్లన్నీ పిచ్చిగా మిణుకుమంటున్నాయి.

ఎవరో ఊడ్చేటప్పుడు ఊడిన వైర్ రెండో కొసను కూడా అదే స్విచ్‌లో పెట్టి ఉంటారు. అందరికీ వెళ్లాల్సిన ఒక బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ ఆ లూప్‌లో తిరుగుతూ, పెరుగుతూ స్విచ్‌ను ముంచేస్తుంది. చివరగా కదిపిన వైర్ పీకండి. లూప్‌ను పసిగట్టే స్విచ్ కొనండి.

పేజీ తెరవడానికి ఐదు సెకన్లు, తెరిచాక అంతా చకచకా. ఇదేమిటి?

డీఎన్ఎస్. సైట్ పేరును అంకెల అడ్రస్‌గా మార్చే సర్వర్ నెమ్మదిగా ఉంది. రౌటర్‌లో డీఎన్ఎస్ సర్వర్‌గా 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి.

ఫిర్యాదు చేస్తే "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. వాళ్లను కదిలించాలంటే ఏం చెప్పాలి?

ఆఫ్ చేసి ఆన్ చేయడం ఒకసారి చేయండి, దానికీ గుణం ఉంటుంది. తర్వాత ల్యాప్‌టాప్‌ను వైర్‌తో రౌటర్‌కు కలిపి మూడు చోట్లకు పింగ్ పెట్టండి: మీ రౌటర్, దాని తర్వాత వచ్చే ఆపరేటర్ మొదటి పరికరం, బయట ఏదైనా పెద్ద సర్వర్. రెండోది ఏదో, దారిలోని పరికరాలను వరసగా చూపించే ట్రేసర్ట్ కమాండ్‌లో తెలుస్తుంది. రౌటర్‌కే పింగ్ ఊగుతుంటే జబ్బు మీ ఇంట్లోనే ఉంది. రౌటర్ దాకా 1 మిల్లీసెకను ఉండి, ఆపరేటర్ దగ్గర 150కి ఎగిరితే, లైన్ మీరే నింపలేదని తేల్చుకుని, టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ట్రేసర్ట్‌లో మధ్యలో చుక్క గుర్తులు (*) వచ్చి ఆ తర్వాతివి బాగుంటే కంగారు వద్దు. చాలా రౌటర్లు పింగ్‌కు జవాబివ్వడాన్ని చివరి పనిగా పెట్టుకుంటాయి. "రాత్రి 9:10కి మీ మొదటి పరికరం దగ్గర 4 శాతం లాస్" అని రాసిన ఫిర్యాదును కాల్ సెంటర్ పక్కన పెట్టలేదు, పైవాళ్లకు పంపాల్సి వస్తుంది.

మరి పెద్ద ప్లాన్ ఎప్పుడు తీసుకోవాలి?

రౌటర్‌లో ట్రాఫిక్ గ్రాఫ్ చూడండి. 4కే వీడియో ఒకటి 15 నుంచి 25 ఎంబీపీఎస్ తింటుంది, మీటింగ్ ఒకటి 3, 4. నలుగురున్న ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చున్నా 100 దాటడం కష్టమే. గ్రాఫ్ రోజూ గంటల తరబడి పైకప్పుకు అంటుకుని ఉంటే ప్లాన్ పెంచండి. కొనేముందు అప్‌లోడ్ ఎంతిస్తారో అడగండి, కెమెరాల రికార్డింగ్, బ్యాకప్‌లు, మీటింగులు తినేది దాన్నే.